ముప్పై ఆరు పుల్లల హబ్బు

ఆ రోజుల్లో సైకిలుకు వేగాలెన్ని అని ఎవరూ అడిగేవారు కాదు. తొక్కేవాడి పిక్కల్లో ఎంత ఉంటే అంత. మొన్న కల్లూరులో మా వీధి మొగదల అద్దాల తలుపులతో కొత్తగా సైకిళ్ల అంగడి పెట్టారు. ఊరికే చూసి వద్దామని పోతే, అంగడాయన ఒక బక్క సైకిలును వేలితో తట్టి, "ఇది సింగిల్ స్పీడు పెద్దాయనా, ఇప్పుడు అందరూ దీన్నే అడగతాండారు. మీకు నచ్చిన సామాను చెప్తే బిగించి ఇస్తాం. యెనక హబ్బులోనే శానా రకాలు ఉండాయి, మీకు అర్థమయ్యేటట్ల నేను చెప్తా" అన్నాడు. నాకు అర్థమయ్యేటట్లు! అదీ వెనక హబ్బు గురించి, చక్రం నడుమ స్పోకు పుల్లలన్నీ వచ్చి చేరే ఆ గుండు గురించి! ఒళ్లు మండిపోయింది. వెనక హబ్బు కోసం నేను పడినంత పాటు కొందరు పెళ్లి సంబంధం కోసం కూడా పడి ఉండరు. ఆ మాట అక్కడే అనబోయి, లోపల ఏసీ చల్లగా ఉండడంతో కాస్త తమాయించుకుని, ఇంటికొచ్చి ఇది రాస్తున్నాను. (కోపం మాత్రం ఇంకా తగ్గలేదు. చదివేవాళ్లు గమనించుకోవాలి.)

అప్పుడు నాకు పంతొమ్మిదేళ్లు. బేతంచెర్లలో నాపబండలు పాలిషు పట్టే ఫ్యాక్టరీలో నీళ్లు పోసే పని. పైన యంత్రం తిరుగుతూ ఉంటుంది, కింద బండ అరుగుతూ ఉంటుంది, ఆ అరిగిందంతా నేను పోసే నీళ్లతో కలిసి తెల్లటి బురదై నా కాళ్ల మీదికే వస్తుంది. పొద్దున మొదలుపెడితే పొద్దు వాలేదాకా కాళ్లు ఆ బురదలోనే. వేళ్ల సందులు ఒరిసిపోయి, మడమలు పగిలిపోయి, ఇంటికి రాగానే మాయమ్మ ఆముదంలో పసుపు కలిపి రాస్తూ ఎవరెవరినో తిట్టేది. ఐదో తరగతితో బడి మానేశాను కానీ చదువు మానలేదు. శనగల పొట్లం విప్పితే ముందు కాగితం చదివి, ఆ తర్వాతే శనగలు తినేవాణ్ణి. ఇంగ్లీషు అక్షరాలు గూడ్సు పెట్టెల మీద నేర్చుకున్నాను. బండ పొడవూ వెడల్పూ చెబితే కాగితం లేకుండా చదరపు అడుగులు చెప్పేవాణ్ణి. ఈ సంగతి మా రెడ్డి చెవిన పడింది. (ఫ్యాక్టరీ ఆయనదే, గనీ ఆయనదే. మేం బురదలో నిలబడి చూసేవాళ్లం కాబట్టి ఆయన మాకెప్పుడూ ఎత్తుగానే కనిపించేవాడు.) ఒక శుక్రవారం నన్ను పిలిపించాడు.

"గనికాడ బండలు కొలిచేదానికి మనిషి కావాల. ఊరికీ గనికీ దినానికి నాలుగు తూర్లు తిరగాల. నీకు సైకిలుండాదా?"

"ఉండాది రెడ్డీ" అన్నాను. లేదు.

"అట్లయితే ఈ సోమారం ఇడిసిపెట్టి పై సోమారం పొద్దున్నే సైకిలుతో గనికాడ ఉండు. మొదటి లారీ కంటే ముందుండాల. లారీ ముందొచ్చిందా, ఇంగొకర్ని చూసుకుంటా."

అంటే బురదలోంచి నా కాళ్లు బయటపడాలంటే పది రోజుల్లో లేని సైకిలు పుట్టుకురావాలి. కొత్తది కొనే స్తోమత లేదు కనుక ఒక్కొక్క ముక్కా తెచ్చి కూర్చుకోవడమే. ఫ్రేము మా మేనమామ దొడ్లో దొరికింది. దాన్ని గోడకు చేరేసి దానికి బర్రెను కట్టేస్తున్నారు. (బర్రెను ఇంకోచోట కట్టడానికి మా అత్తను ఒప్పించేసరికి రెండు రోజులు పట్టింది.) హ్యాండిలు ఒకరిచ్చారు, ముందు చక్రం ఇంకొకరిచ్చారు. మిగిలింది వెనక చక్రం. దానికి మాత్రం గోళీల చిచ్చా దగ్గరికి పోవాల్సిందే.

చిచ్చా మా ఊరి సైకిలు మేస్త్రి. చక్రాల్లో వేసే ఉక్కు గోళీలను కిరసనాయిల్లో కడిగి, ఒక్కొక్కటీ వేళ్ల మధ్య దొర్లించి చూసేవాడు కనుక ఆ పేరు. తొక్కడం ఆపినా చక్రాన్ని తిరగనిచ్చే ఫ్రీవీలు మంచిదో కాదో ఆయన చప్పుడుతోనే గుర్తుపట్టేవాడు. మా ప్రాంతంలో ఆ చప్పుడుకు శానా పనులున్నాయి. (కోపంలో మాట కూడా మా ఊరిదే వచ్చేస్తున్నది, ఉండనివ్వండి.) గనుల దుమ్ముకు బెల్లులు నెల రోజుల్లో మూగపోయేవి. అందుకని దిగుడు రాగానే ప్రతివాడూ తొక్కడం ఆపి పెడళ్లను వెనక్కి తిప్పేవాడు. ట్రిక్కు ట్రిక్కుమని చప్పుడయ్యేది. మేకలు తప్పుకునేవి, మనుషులు తప్పుకునేవారు. ఇది ఎవరూ ఎవరికీ నేర్పింది కాదు, కాళ్లకే వచ్చేసిన అలవాటు.

చిచ్చా గోనెపట్ట మీద మూడు హబ్బులు పెట్టాడు. ఒకటి అందరికీ ఉండే ఫ్రీవీలు హబ్బు. రెండోది పందేల వాళ్లది, చక్రం తిరిగినంతసేపూ పెడళ్లూ తిరుగుతూనే ఉంటాయి, కాళ్లకు విశ్రాంతి ఉండదు. మూడోది ఎవరో రైల్వే అధికారి వదిలేసి పోయిన, సీమ నుంచి ఓడలో వచ్చిన సైకిల్లోంచి తీసింది. లావుగా, బరువుగా, నల్లగా ఉంది. బ్రేకు దాని కడుపులోనే ఉంటుంది. పెడలు వెనక్కి నొక్కితే చక్రం నిలబడిపోతుంది. దీని గురించి నేను అప్పటికే ఒక చిరిగిన ఇంగ్లీషు కేటలాగులో చదివి ఉన్నాను. సగం అర్థమైంది. అర్థంకాని సగం మీదే నాకు గౌరవం ఎక్కువ.

"ఇది కావాల చిచ్చా" అన్నాను, మూడోదాన్ని పట్టుకుని.

"అది వొద్దు బేటా. దాని బ్రేకు కాళ్లల్లో ఉంటాది."

"అదే కదా మంచిది? గని తోవంతా సున్నపుపొడి. రిమ్ముకు పొడి పడితే రబ్బరు యాడ పట్టుకుంటాది? దీంట్లోకి పొడీ పోదు, నీళ్లూ పోవు."

"హబ్బును ఎవరేమన్నారు? హబ్బు మంచిదే. మన కాళ్లే మంచివి కావు. దిగుడొస్తే యెనక్కి తిరగతాయి."

"నా కాళ్లకు నేను చెప్పుకుంటా."

"చెప్పు. అవి ఇంటే మా గాడిదను గూడా పంపిస్తా, దానికీ నాలుగు ముక్కలు చెబుదువు." ఆ తర్వాత హబ్బును తిప్పి చూపించాడు. "ఇంగోటి యిను. దీనికి ముప్పై ఆరు పుల్లలు. మన యెనక రిమ్ముకు నలభై బొక్కలు. మిగిలిన నాలుగు బొక్కల్లో ఏం పెడతావు, మల్లెపూలా?"

నలభై బొక్కల రిమ్ముకు ముప్పై ఆరు పుల్లల హబ్బు సరిపోదన్నది నిజమే. బుద్ధి ఉన్నవాడు అక్కడ ఆగిపోయేవాడు. నేను బుధవారం పని ఎగ్గొట్టి పొద్దున్నే రైలెక్కి డోనుకు పోయి, అక్కడ మారి కర్నూలు చేరి, పాత ఇనుము అమ్మే అంగళ్లలో ప్రతి రిమ్మునూ చేతిలోకి తీసుకుని బొక్కలు లెక్కపెట్టాను. నలభై, నలభై, ముప్పై రెండు, నలభై. ఆరో అంగట్లో తుప్పు పట్టిన రిమ్ము ఒకటి ముప్పై ఆరు అన్నది. తప్పు లెక్కపెట్టానేమోనని మళ్లీ మూడుసార్లు లెక్కించాను. తిరుగు రైల్లో కూర్చోవడానికి చోటు లేక దాన్ని మెడలో వేసుకుని నిలబడితే, టికెట్లు చూసే ఆయన "ఏమప్పా, ఈ దండ ఎవరేసినారు నీకు?" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లంతా నవ్వారు. నేను మాత్రం తల తిప్పలేదు. (తిప్పితే రిమ్ము తగిలేది.)

చిచ్చా ముప్పై ఆరు పుల్లలూ అల్లి, వంకర అన్నది లేకుండా చక్రం నిలబెట్టి ఇచ్చాడు. నేను పాత బ్రేకు కమ్మీలు రెండూ పీకేశాను. "ముందుదన్నా ఉండనీరా" అన్నాడాయన. "ఇంకో బ్రేకు పెట్టుకునేవాడికి తన హబ్బు మీద నమ్మకం లేనట్టు" అన్నాను. (ఆ వాక్యం ఇప్పటికీ బాగానే ఉందనిపిస్తుంది. బుద్ధే లేదు దాంట్లో.)

తర్వాత మూడు రోజులు, పనికి పోయే ముందూ వచ్చాకా, రైల్వే గేటు దగ్గరి దిగుడు మీద నా కాళ్లకు చదువు చెప్పాను. మొదటి రోజు దిగుడు రాగానే కాళ్లు వెనక్కి తిరిగాయి, చక్రం బిగుసుకుంది, నేను పడ్డాను. మళ్లీ ఎక్కాను, మళ్లీ పడ్డాను. ఆ చప్పుడు లేకపోవడమే కాళ్లను తికమక పెడుతున్నదని కనిపెట్టి, దిగుడులో నాలుకతో ట్రిక్కు ట్రిక్కుమనుకుంటూ పోవడం మొదలుపెట్టాను. మాయమ్మ ఆముదం వేళ్ల సందుల నుంచి మోకాళ్లకు మారింది. "బురదలో ఉన్నప్పుడే బాగుంటివి కదరా, కాళ్లు కిందనే చెడిపోతాండె, ఇప్పుడు పైదాంక వచ్చె" అన్నది. అయినా ఆదివారం సాయంత్రానికి కాళ్లు మాట విన్నాయి. దిగుడంతా బొమ్మల్లా కదలకుండా నిలిచాయి. గర్వంతో నాకు సంగటి దిగలేదు.

సోమవారం తెల్లవారుతుండగా బయలుదేరాను. సగం దారిలో రెడ్డి జీపు మొరాయించి నిలబడి ఉంది. డ్రైవరు దాని కింద పడుకుని ఉన్నాడు. రెడ్డి నన్ను చూసి, "మంచిగొస్తివి, పద, నీ యెనక కూసుంటా" అంటూ చేతిలోని కొలిచే టేపు జేబులో వేసుకుని కారియరు మీద కూర్చున్నాడు. సైకిలు ఒక మూలుగు మూలిగింది. మా వైపు ఇద్దరు ఒక సైకిలు మీద పోతే వెనకవాడు బరువుగా ఊరికే కూర్చోడు. తన పాదాలు కూడా ముందువాడి పాదాల పక్కన పెడళ్ల మీద పెట్టి తనూ తొక్కుతాడు. అది మర్యాద. రెడ్డి కూడా కుర్రతనంలో బాగా సైకిలు తొక్కినవాడే. ఎగుడు రాగానే పంచె ఎగ్గట్టి కాళ్లు పెట్టాడు. నాలుగు కాళ్లతో ఎగుడు ఎగుడులా అనిపించలేదు.

"చప్పుడే లేదే! బాగుండాదిరా బండి."

"బ్రేకు లోపల ఉండాది రెడ్డీ. సీమ హబ్బు."

"అట్లనా? తొక్కు తొక్కు."

ఎగుడు అయిపోయింది. అవతల పొడవాటి దిగుడు. నా కాళ్లు నేర్పినట్టే కదలకుండా ఆగాయి. నాలుక తన పని తాను చేస్తున్నది. నేను ఒక్క సంగతి మరిచిపోయాను. నా రెండు కాళ్లకే చదువు చెప్పాను, వెనకున్న రెండింటికి చెప్పలేదు. నలభై ఏళ్ల అలవాటు కొద్దీ, ఎంతో హాయిగా, రెడ్డి కాళ్లు వెనక్కి తిరిగాయి. చక్రం ఠక్కున బిగుసుకుంది. సైకిలు అడ్డం తిరిగింది. దారి పక్కన ఫ్యాక్టరీల వాళ్లు పారబోసిన తెల్లపొడి గుట్ట ఒకటి ఉంది. ముందు ఆయన, ఆయన మీద నేను, నా మీద సైకిలు.

దెబ్బలేమీ తగల్లేదు. పొడి మెత్తగానే ఉంది. ఇద్దరం లేచి నిలబడేసరికి మా అమ్మ కూడా మాలో ఎవరు తన కొడుకో చెప్పలేకపోయేది.

"ఏం చేసినావురా?" అన్నాడు రెడ్డి.

"నేనేం చేయలేదు రెడ్డీ. మీరు యెనక్కి తొక్కినారు."

"నేనా?"

"మీరే. నా కాళ్లు కదల్లేదు. మూడు దినాలు నేర్పిచ్చినా వాటికి."

"నన్ను తెచ్చి పొడిలో పడేసి, తప్పు నాదంటాండావా?"

"మీది కాదు రెడ్డీ, మీ కాళ్లది."

ఆయన ఏమనేవాడో గానీ, అప్పుడే మొదటి లారీ మమ్మల్ని దాటి, హారను కొట్టుకుంటూ గని వైపు పోయింది. వెనక చక్రం వంకరపోయి తిరగడం లేదు. సైకిలును భుజాన వేసుకుని నడక మొదలుపెట్టాను. రెడ్డి నా పక్కనే నడుస్తున్నాడు. కొంతదూరం పోయాక, "లారీ ముందు పోయిందిరా" అన్నాడు.

"పోయింది రెడ్డీ. పోయి ఏం చేస్తాది? కొలిచే టేపు మీ జేబులో ఉండాది. మీరు పోకుండా గనిలో బండ కదలదు. మీరేమో నాతోనే వస్తాండారు. అంటే గని ఇంగా తెరవనే లేదు. లారీ ఊరికే వచ్చి నిల్చుకునింది, అంతే."

రెడ్డి ఆగిపోయి నా వైపు చూశాడు. నేను భుజం మార్చుకున్నాను గానీ సైకిలు దించలేదు. దించితే మళ్లీ ఫ్యాక్టరీ బురదే. అది ఒక్కటే నాకు తెలుసు. ఆయన కనుబొమల మీది పొడి కాస్త కదిలింది, తర్వాత మీసాల మీది పొడి కదిలింది, తర్వాత మొత్తం మనిషే కదిలి, పొట్ట పట్టుకుని నవ్వాడు. జేబులోంచి టేపు తీసి నా చేతిలో పెట్టాడు.

"కొలుచుకోపో. అయితే ఆ దిక్కుమాలిన హబ్బు తీసేయి."

"పని ఇయ్యండి రెడ్డీ. హబ్బు తియ్యను. అది మంచి హబ్బు."

"తియ్యకపోతే నీ యెనక ఎవరు కూసుంటారురా?"

"కూసోవద్దండి."

అట్లా నాకు కొలతల పని దొరికింది. నెల తిరిగేసరికి వేళ్ల సందులు మానాయి. చిచ్చా చక్రం వంకర తీసిచ్చాక హబ్బు కూడా నేను చెప్పినట్టే పనిచేసింది. పొడిలోనూ వానలోనూ చెక్కుచెదరలేదు. మిగిలినవాళ్లు నెలనెలా బ్రేకు రబ్బర్లు మారుస్తుంటే, పక్కన నిలబడి నెలనెలా వాళ్లకు ఆ సంగతి గుర్తుచేసేవాణ్ణి. కానీ రెడ్డి పొడిగుట్టలో పడిన కథ అప్పటికే గనులన్నీ తిరిగేసింది. నా వెనక ఎవరూ కూర్చోలేదు. పొద్దు వాలే వేళకు గని నుంచి ఊరికి సైకిళ్లు బారుగా దిగేవి, ఒక్కొక్కదాని మీద ఇద్దరు. కబుర్లు, వేళాకోళాలు, ఎవరి పెళ్లాం ఎవరిని ఏమన్నది అన్న వార్తలు, అన్నీ ఆ దిగుడు మీదే. వాళ్లందరికీ ముందు, మంచి హబ్బు మీద, ఒక్కణ్ణే, ఏ చప్పుడూ లేకుండా నేను.

ఏడు నెలలు ఓర్చుకున్నాను. ఒక సెలవు రోజు చక్రం ఊడదీసుకుని చిచ్చా దగ్గరికి పోయి, "హబ్బు ఇరిగిపోయింది చిచ్చా" అన్నాను. ఆయన చక్రాన్ని రెండు చేతుల మధ్య ఎత్తి పట్టుకుని ఒక్క తిప్పు తిప్పాడు. అది వెన్నలా తిరిగింది. తిరుగుతూనే ఉంది. ఇద్దరం దాన్నే చూస్తూ కూర్చున్నాం. చాలాసేపటికి అది తనంతట తనే ఆగింది.

"అవును బేటా, ఇరిగిపోయింది" అన్నాడు చిచ్చా, నలభై బొక్కల రిమ్ము కోసం లేస్తూ.

ఆ మాట ఆయన ఎవరికీ వేరేగా చెప్పలేదు, నేనూ చెప్పలేదు. యాభై ఏళ్లుగా అడిగిన ప్రతివాడికీ హబ్బు విరిగిందనే చెబుతూ వచ్చాను. విరగలేదు. ఆ పంతొమ్మిదేళ్లవాడు అంత మొండిగా, అంత సరిగ్గా, అంత ఒంటరిగా ఆ దిగుడులో పోవడం తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది, కొంచెం జాలీ వేస్తుంది. ఎక్కడైనా కనబడితే పరుగెత్తి వాడి కారియరు మీద నేనే కూర్చుంటాను. కాళ్లు మాత్రం పెడళ్ల మీద పెట్టను.