మావుల వెంకన్న కాళ్లు

పదవీ విరమణకు ఇంకా ఏడాదిన్నర ఉందనగా, జూలై ఒకటో తేదీన, ఏలూరులోని మా శాఖ ఫిల్మ్ విభాగంలో పాత రీళ్లను కంప్యూటర్‌లోకి ఎక్కించే పనికి నన్ను ఇన్‌ఛార్జిగా వేశారు. అప్పటికి నా హోదా సీనియర్ కెమెరామన్. కెమెరా ముట్టుకుని ఏళ్లయింది, హోదా మాత్రం మిగిలింది. చేపల రైతులకూ వేటగాళ్లకూ శిక్షణ ఇవ్వడం మా శాఖ పని. ఆ శిక్షణ కోసమే ఒకప్పుడు మేము చిత్రాలు తీసేవాళ్లం.

బీరువాల్లో మూడు రకాల ఫిల్మ్ ఉంది. మొదటిది మామూలు పదహారు ఎం.ఎం. దాని బొమ్మ పాత టీవీలా దాదాపు చదరంగా ఉంటుంది. రెండోది సూపర్ సిక్స్‌టీన్. ఫిల్మ్ వెడల్పు అదే పదహారు. కాకపోతే శబ్దం కోసం ఒక అంచున వదిలే జాగాను కూడా బొమ్మకే వాడేస్తారు. అందుకు కెమెరా లోపలి గేటును, అంటే ఫిల్మ్ మీద వెలుగు పడే కిటికీని, ఒక పక్క ఆకురాయితో అరగదీయాలి. లెన్సును వెడల్పైన బొమ్మకు సరిగ్గా మధ్యకు జరపాలి. ఒక అంచున మాత్రమే రంధ్రాలున్న ఫిల్మ్ కొనాలి. మా కెమెరాను మద్రాసు పంపి ఇవన్నీ చేయించి తెచ్చింది నేనే. వెడల్పాటి బొమ్మ తీసే కెమెరా జిల్లాలో మా ఒక్కరి దగ్గరే ఉందని చాలాకాలం ఛాతీ విరుచుకుని తిరిగాను. మూడోది సూపర్ ఎయిట్. ఎనిమిది ఎం.ఎం. వెడల్పు, చిటికెనవేలి గోరంత కూడా లేని బొమ్మ, క్యాసెట్‌కు మూడు నిమిషాలు. పెద్ద తెర మీద వేస్తే ఇసుక చల్లినట్టు కనిపిస్తుంది.

మా డిప్యూటీ డైరెక్టరు ఒకే ఒక ఆదేశం ఇచ్చారు. సమావేశ మందిరంలో కొత్తగా పెట్టిన వెడల్పు తెర అంచు నుంచి అంచుకు నిండాలి, పక్కల నల్లపట్టీలు కనపడకూడదు. సూపర్ సిక్స్‌టీన్ ఉన్నదున్నట్టు ఎక్కించాలి. మామూలు పదహారును పైనా కిందా కోసి ఎక్కించాలి. సూపర్ ఎయిట్ తీసేయాలి. నాకు ఒళ్లు మండింది. మనుషుల తలలు నరికి తెర నింపడం ఏం పనని రెండు పేజీల అభ్యంతరం రాసిచ్చాను. దాని మీద ‘చూశాను’ అని సంతకం పెట్టి తిప్పి పంపారు. సూపర్ ఎయిట్ గురించి మాత్రం ఒక్క ముక్కా రాయలేదు. తొలగింపు జాబితాలో ఆ డబ్బాలన్నింటికీ ఎదురుగా ‘నాణ్యత తక్కువ’ అని రాసింది నేనే.

ఆగస్టులో కలిదిండి వైపు నుంచి మంగమ్మ అనే ఆవిడ వచ్చింది. మావుల వెంకన్న కూతురు. మావు అంటే వెదురు పుల్లలతో అల్లే చేపల బుట్ట. నోట్లోంచి లోపలికి దూరిన చేప తిరిగి బయటికి రాలేదు. కొల్లేటి లంకల్లో వెంకన్న అల్లినంత గట్టిగా ఎవరూ అల్లేవారు కాదని పేరు. ఆయన పోయి రెండేళ్లయింది. బుట్ట తనకు వచ్చుగానీ నోటి దగ్గర వేసే ముడి నిలవడం లేదని మంగమ్మ చెప్పింది.

“చేప లోనికెళ్తందండీ, ముడి జారిపోయి మళ్లీ బయటికొచ్చేత్తందండీ. మా నాన్న ముడి ఇంకెవరికీ రాదండీ. మీరు సినిమా తీశారంట కదండీ, ఒక్కసారి చూపించండీ.”

తీసింది నేనే. అరగదీయించిన గేటుతో మొట్టమొదట తీసిన చిత్రం అదే. దానికి రాష్ట్రస్థాయిలో ప్రశంసాపత్రం కూడా వచ్చింది. గర్వంగా ఆవిడను కూర్చోబెట్టి వేశాను. వెదురు మీద ఎండ మెరుస్తోంది, వెనక కొల్లేరు పరుచుకుని ఉంది, వెంకన్న చేతులు తెర నిండా ఆడుతున్నాయి. మంగమ్మ రెండుసార్లు చూసి అడిగింది.

“మా నాన్న కాళ్లేవండీ?”

ముడి వేసేటప్పుడు వెంకన్న రెండు పుల్లలను కాలి బొటనవేలికీ పక్కవేలికీ మధ్య బిగించి, అక్కడి నుంచి లాగేవాడట. సగం ముడి కాళ్లలోనే ఉంది. చిత్రం తీసిన రోజు అంతా నాకు గుర్తొచ్చింది. నేల మీద కూర్చున్న మనిషిని తల నుంచి పాదం దాకా పడితే వెడల్పు బొమ్మలో రెండు పక్కలా బోలెడు ఖాళీ మిగులుతుంది. ఖాళీ కనపడకూడదని కెమెరాను దగ్గరికి జరిపాను. పైగా బురద కాళ్లు బొమ్మలో బాగుండవని ఆ పెద్దాయనతోనే అన్నాను. డిప్యూటీ డైరెక్టరు మీద రెండు పేజీలు రాసిన పెద్దమనిషిని నేనే, తెర నింపడానికి కాళ్లు నరికిన పెద్దమనిషినీ నేనే.

అదే రోజు అదే చోట ఇంకో కెమెరా కూడా తిరిగింది. మా విస్తరణాధికారి సరోజినిగారు తన శిక్షణ తరగతుల కోసం సూపర్ ఎయిట్‌తో తీసుకున్నారు. ఆ కెమెరాను బొమ్మ తుపాకీ అని అందరి ముందూ ఎగతాళి చేశాను. ఆ డబ్బా నా జాబితాలోనే ఉంది. సోమవారం తొలగింపు.

డబ్బా ఒక్కటి ఆపమని డిప్యూటీ డైరెక్టరును అడిగాను. ఆమోదం పొందిన జాబితా మారిస్తే ఆడిట్ వాళ్లు పట్టుకుంటారని, అయినా ఒక బుట్ట ముడి కోసం ఇంత గొడవేమిటని అన్నారు. చేపల శాఖ అధికారి అనాల్సిన మాటేనా అది? వాదన పెట్టుకోలేదు. ఇన్‌ఛార్జికి ఏ వస్తువునైనా పరిశీలనకు బయటికి తీసుకెళ్లే అధికారం ఉంది. కదలికల రిజిస్టరులో రాసి, సంతకం చేసి, డబ్బా సంచిలో వేసుకున్నాను.

సరోజినిగారు రిటైరై తాడేపల్లిగూడెంలో ఉంటున్నారు. ప్రొజెక్టరు ఆవిడ దగ్గర ఇంకా పనిచేస్తోంది. శనివారం మధ్యాహ్నం మంగమ్మను వెంటబెట్టుకుని వెళ్లాను. తలుపులు మూసి గోడ మీద వేశారు. బొమ్మ మసకగా ఉంది, శబ్దం లేదు. తలపాగా నుంచి బొటనవేలి దాకా వెంకన్న మొత్తం ఉన్నాడు. కాళ్లు ఎందుకు వదలలేదని సరోజినిగారిని అడిగాను.

“మావు ఎలా అల్లుతారో నేర్చుకునేవాళ్లకు చెప్పాలి కదండీ. కాళ్లు లేకుండా ఎలాగండీ?”

మంగమ్మ వెంట తెచ్చుకున్న వెదురు పుల్లలతో కింద కూర్చుంది. రీలు నాలుగుసార్లు వేయించుకుంది. నాలుగోసారి కాలి వేళ్ల మధ్య పుల్లలు బిగించి లాగింది. ఆ ముడిని నా చేతికిచ్చి ఊడదీయమంది. నా వల్ల కాలేదు.

సోమవారం డబ్బా వెనక్కి చేర్చాను, తొలగింపు బండిలోకి కాదు, బీరువాలోకి. జాబితాలో నా రాతను కొట్టేసి ‘భద్రపరచవలెను’ అని రాశాను. వారంలో మెమో వచ్చింది. ఆమోదం పొందిన జాబితాను ఎందుకు దిద్దారో సంజాయిషీ ఇవ్వమని. ‘పెద్ద ఫిల్మ్‌లో పని సగమే ఉన్నది, ఆ సగం నేనే తీసితిని’ అని జవాబిచ్చాను. ఒక ఇంక్రిమెంటు ఆపారు.

ఫిల్మ్ వెడల్పు ఎంత, గేటు ఎంత అరిగింది అన్నవి రెండో ప్రశ్నలు. ఈ మనిషి ఈ పనిని ఒంట్లో ఏ భాగంతో చేస్తున్నాడు అన్నది మొదటిది. ముప్పయ్యేళ్ల సర్వీసులో ఆ మొదటి ప్రశ్న నేను ఎవరినీ అడగలేదు.