పందిరి కింద పప్పు

మా వీధిలోకి కొత్తగా వచ్చిన జంట మొన్న శనివారం కాఫీకి వచ్చింది. ఇద్దరిదీ సాఫ్ట్‌వేరే, ఇద్దరికీ ముప్పై లోపే. డిసెంబర్లో మెక్సికో వెళ్తున్నారట. ఏ ఊరని అడిగితే ఆ అమ్మాయి ఫోన్‌లో చూసుకుని చెప్పింది. ఆ పేరు వినగానే నా కాఫీ కప్పు బల్ల మీద పెట్టేశాను. "మీరు వెళ్ళారట కదా ఆంటీ, అక్కడ చేయడానికి ఏమేం ఉన్నాయి? రెండు రోజులు చాలా, వారం బుక్ చేసుకోమంటారా?" అంది. చాలా ఉన్నాయమ్మా అన్నాను. సాయంత్రంపూట తాబేలు పిల్లల్ని సముద్రంలోకి వదలొచ్చు, పడవెక్కి మడచెట్ల మధ్య మొసళ్ళని చూడొచ్చు, సర్ఫింగ్ పలక వేసుకుని అలల మీద పడుతూ లేస్తూ ఉండొచ్చు, అవేవీ వద్దనుకుంటే రెండు కొబ్బరిచెట్ల మధ్య వల ఊయలలో పడుకోవచ్చు. "వెజిటేరియన్ ఫుడ్ దొరుకుతుందా ఆంటీ?" అని ఆ అబ్బాయి అడిగాడు. నా చెవులు వేడెక్కాయి. "చూసుకుని తినండి నాయనా" అని, చక్కెర తెస్తానంటూ వంటింట్లోకి వెళ్ళిపోయాను. చక్కెర బల్ల మీదే ఉంది.

ఆ ఊరి పేరు వింటే నాకు ముందు గుర్తొచ్చేది మా వదిన. మా అన్నయ్య భార్య. మా రెండిళ్ళూ కాలిఫోర్నియాలో, ఫ్రీమాంట్‌లోనే, కారు తీసేలోపు నడిచి వెళ్ళిపోయేంత దూరం. తిండి విషయంలో ఆమె మా అందరికీ అంతరాత్మ లాంటిది, అంటే పిలవకపోయినా వచ్చి కూర్చునేది. ఎవరింట్లో పుట్టినరోజు జరిగినా కేక్ డబ్బా తిరగేసి, కళ్ళజోడు ముక్కు చివరికి జార్చుకుని, వెనకున్న చిన్న అక్షరాలన్నీ చదివితే గానీ ముక్క ముట్టుకునేది కాదు. పిజ్జా కోసిన కత్తి అంతకుముందు దేన్ని కోసిందో విచారణ జరిగేది. ఒకసారి చీజ్ తయారుచేసే కంపెనీకి ఫోన్ చేసి, దూడ కడుపులోంచి తీసే పదార్థం అందులో వేస్తారో లేదో తేల్చి చెప్పమని పట్టు పట్టింది. అవతలి పిల్ల పాపం "మేడమ్, ఐ ఓన్లీ ఆన్సర్ ద ఫోన్" అని ఏడ్చినంత పని చేసింది. ఆదివారాలు వదిన చేతి పప్పుచారు కోసం వచ్చే ఎమ్మెస్ స్టూడెంట్లు గడపలోనే ఊపిరి బిగబట్టేవాళ్ళు. "ఏం నాయనా, నిన్న ఏం తిన్నావు? నా మొహం చూసి చెప్పు" అనేది. వాడు నిజం చెప్పాక, వెళ్ళి నోరు పుక్కిలించి రమ్మని, అప్పుడు కూర్చోబెట్టి కొసరి కొసరి వడ్డించేది. తిట్టేటప్పుడు ఎంత ధారాళమో పెట్టేటప్పుడూ అంతే. పార్కులో జరిగే మా కార్తీక వనభోజనాలకి ఏటా వంట ఆమెదే. వదిన గరిటె పట్టుకుందంటే ఎంతటి నియమాలున్నవాళ్ళయినా అనుమానం లేకుండా విస్తరి ముందు కూర్చునేవాళ్ళు.

రెండువేల పదకొండులో థాంక్స్‌గివింగ్ సెలవులకి మెక్సికో వెళ్దామన్నది మా మేనకోడలు. మా అన్నయ్యకీ వదినకీ లేక లేక పుట్టిన పిల్ల, మరుసటేడు కాలేజీకి వెళ్ళిపోబోతోంది. అది అడిగితే మా అన్నయ్య చంద్రుడి మీద కూడా రూమ్ బుక్ చేస్తాడు. మా ఆయనకి ప్రాజెక్టు తెమలక, నేనొక్కదాన్నే వాళ్ళతో బయల్దేరాను. కార్తీకమాసంలో ఊళ్ళు తిరగడమేమిటని వదిన మొదట గొణిగింది. సముద్రస్నానం పుణ్యమే కదా అని అన్నయ్య ఒప్పించాడు. వంటిల్లున్న ఇల్లు అద్దెకి తీసుకున్నాం. ఒక పెద్ద సూట్‌కేస్ నిండా రైస్ కుక్కర్, సోనా మసూరి, కందిపొడి, పులిహోర పులుసు, దీపాలకి నువ్వుల నూనె సర్దింది వదిన. మేం దిగాం గానీ ఆ సూట్‌కేస్ దిగలేదు. విమానంవాళ్ళు ఇంకో ఊరికి పంపేశారు. చుట్టూ కొబ్బరిచెట్లు, ఎదురుగా నీలంగా పసిఫిక్, గుమ్మం పక్కన ఎర్రగా విరగబూసిన కాగితప్పూల చెట్టు. వాటి మధ్య మా వదిన అరుగు మీద కూర్చుని, సర్వం పోగొట్టుకున్నదానిలా ఖాళీ చేతులు చూసుకుంటోంది.

ఆదివారం మధ్యాహ్నానికి ఆకలి అందర్నీ ఒక దారికి తెచ్చింది. ఇసుకలో కాస్త దూరం నడిస్తే కొబ్బరాకుల పందిరి, దాని కింద ప్లాస్టిక్ కుర్చీలు, వెనక పొయ్యి. యజమానురాలికి మా వదిన వయసే ఉంటుంది, జడ కూడా అంతే పొడుగు. మేమంతా విమానంలో వల్లెవేసుకున్న మంత్రం ఒకటుంది. మాంసం వద్దు, కోడి వద్దు, చేప వద్దు, గుడ్డు వద్దు. హైస్కూల్లో స్పానిష్ చదువుతున్న మా మేనకోడలు దాన్ని ఆ భాషలో అప్పజెప్పింది. వెనకనుంచి అన్నయ్యా నేనూ "నో కార్నె, నో పోయో" అని శ్రుతి కలిపాం. పక్క బల్లల వాళ్ళు తినడం ఆపి మమ్మల్ని చూశారు. ఆవిడ నవ్వుతూ అన్నింటికీ తల ఊపి, మెత్తగా మెదిపిన చిక్కుడు గింజల పప్పూ, వేడి వేడి మొక్కజొన్న రొట్టెలూ తెచ్చిపెట్టింది. ఆవిడ వైపునుంచి ఏ మోసమూ లేదు. మేం వద్దన్నవేవీ అందులో వేయలేదు.

వదిన రొట్టె చివర చిన్న ముక్క తుంచి, పప్పులో అద్దీ అద్దనట్టు అద్ది నోట్లో పెట్టుకుంది. తర్వాత ఇంకో ముక్క, ఈసారి నిండుగా. "ఏమండీ, ఇంకొంచెం వెయ్యమనండి" అంది. అన్నయ్యా నేనూ మొహమొహాలు చూసుకున్నాం. బయటి తిండిని ఆమె మారు అడగడం మేమెవరం చూసి ఎరగం. మేనకోడలు గబుక్కున కెమెరా తీసింది. తిన్నాక వదిన చేతులు కడుక్కోవడానికి పందిరి వెనక్కి వెళ్ళి, చాలాసేపటికి వచ్చింది. ఆ ఎండకి కళ్ళు తిరిగాయంది.

మర్నాడు కార్తీక సోమవారం. వదిన పగలంతా నీళ్ళు తప్ప ముట్టలేదు. చుక్క కనబడ్డాక ఇంట్లో అరటిపళ్ళు ఉన్నాయన్నా వినకుండా ఆ పందిరి కిందికే నడిచింది. దీపం సంగతి అడిగితే నూనె సూట్‌కేస్‌లో ఉండిపోయిందిగా అంది. ఇక మేం చేసిన పనులన్నీ ఆ పప్పు చుట్టూనే తిరిగాయి. మడచెట్ల మధ్య పడవ మీద వెళ్తుంటే అందరం ఒడ్డున పడుకున్న మొసలిని చూసి అరుస్తున్నాం, వదిన మాత్రం "టైమెంతయింది? ఆవిడ పొయ్యి ఆర్పేస్తుందేమో" అంటోంది. అన్నయ్య సర్ఫింగ్ పాఠాలకి వెళ్ళి, లేచి నిలబడ్డ ప్రతిసారీ పడి, బనీను నిండా ఇసుకతో వచ్చాడు. ఆ అవతారానికి ఆమె నవ్వనైనా నవ్వలేదు. మంగళవారం సూట్‌కేస్ వచ్చేసింది. ఇక కుక్కర్ బయటికొస్తుందనుకున్నాం. "ఉండనీండి, ఈ వేడిలో ఎవరు వండుతారు, ఆవిడ దగ్గరికే పోదాం" అని దాన్ని మంచం కిందికి తోసేసింది. ఆ సాయంత్రం కూడా దీపం వెలగలేదు.

బుధవారం మధ్యాహ్నం చేతులు కడుక్కుందామని నేనూ పందిరి వెనక్కి వెళ్ళాను. పొయ్యి దగ్గర ఆవిడ ఒక రేకు డబ్బాలోంచి తెల్లటి గడ్డని గరిటెతో తీసి మూకుడులో వేసింది. అది చుయ్యిమని కరిగాక మా పప్పు గింజల్ని అందులో గుమ్మరించింది. నేను గుడ్లప్పగించి చూస్తుంటే, మెచ్చుకుంటున్నాననుకుని, గర్వంగా దడి అవతలికి చెయ్యి చూపించింది. అక్కడ కట్టేసిన నల్లటి పంది ఒకటి పుచ్చకాయ తొక్కలు నములుతోంది. ఆ తెల్లటి గడ్డ పందికొవ్వు. నా సంగతి నాకు తట్టనే లేదు. వదిన, కార్తీకం, సోమవారం, చుక్క, అన్నీ ఒకేసారి కళ్ళముందుకొచ్చాయి. తిరిగొచ్చి నా పళ్ళెం పక్కకి నెట్టి, మేనకోడల్ని ఇసుకలోకి లాక్కెళ్ళి చెప్పాను. "నాకు డౌట్ వచ్చింది అత్తా. బట్ అమ్మ హ్యాపీగా ఉంది. లెట్ హర్ బీ, ప్లీజ్" అంది. పదిహేడేళ్ళ పిల్లకి ఉన్న జ్ఞానం నాకు లేకపోయింది. వదిన నియమం నా కళ్ళముందే మంట కలుస్తుంటే చెప్పకపోతే ఎలా అని నా బాధ.

సాయంత్రం తాబేలు పిల్లల్ని వదిలే చోటికి వెళ్ళాం. కొబ్బరి చిప్పలో ఒక్కో పిల్లని పెట్టి ఒక్కొక్కరి చేతికి ఇస్తారు. ఇసుకలో వదిలితే అదే పాకుతూ నీళ్ళలోకి పోవాలి. వదిన చిప్పలో పిల్ల కాళ్ళు కొట్టుకుంటోంది. ఆమె పక్కకి జరిగి, "వదినా, నీకో మాట చెప్పాలి" అన్నాను.

"పప్పు గురించేనా?" అంది, చిప్పలోంచి చూపు తిప్పకుండా.

నేను తల ఊపాను.

"మొదటి రోజే చూశానమ్మా. చెయ్యి కడుక్కోబోయి చూశాను."

"మరి చెప్పలేదేం వదినా?"

"చెబితే మానెయ్యాలి కదా" అంది. "సోమవారం నాడు చుక్క చూసొచ్చి తెలిసే తిన్నాను. మీ అందర్నీ ఇన్నేళ్ళు ఎన్నెన్ని మాటలన్నాను! ఆ స్టూడెంట్ పిల్లల నోళ్ళు కడిగించాను. నాకు చచ్చేంత సిగ్గుగా ఉందే. మీ అన్నయ్యకి మాత్రం చెప్పకు."

చెప్పనన్నాను. ఆమె వంగి పిల్లని వదిలింది గానీ, అది నీళ్ళు చేరిందో లేదో చూడకుండానే ఇంటివైపు నడిచింది. ఆ క్షణంలో వదినని చూసి నేను సిగ్గుపడలేదు. ఆమె సిగ్గు నా కంటపడినందుకు సిగ్గుపడ్డాను.

మర్నాడు మా ఆఖరి రోజు. వదిన కడుపులో బాగాలేదని ఇంట్లోనే ఉండి, సూట్‌కేస్ తెరిచి, కుక్కర్‌లో గుప్పెడు బియ్యం పడేసి, కందిపొడి కలుపుకుని తింది. మేం ముగ్గురం వెళ్ళామంటే వెళ్ళాం. పందిరి ఆవిడ నాలుగో కుర్చీ వైపు చూపించి ఏదో అడిగింది. అన్నయ్య పొట్ట పట్టుకుని సైగ చేశాడు. ఆవిడ అయ్యో అన్నట్టు చెంపన చెయ్యి పెట్టుకుని, ఒక గిన్నెలో పప్పు పోసి, మీద గుడ్డ కట్టి ఇచ్చింది. "నీ కోసం పంపింది" అని అన్నయ్య దాన్ని వదిన ముందు పెట్టాడు. ఆమె గోడవైపు తిరిగి పడుకుంది. నేను నోరు విప్పకపోతే ఆ ఒక్కరోజు కూడా సంతోషంగా తిని ఉండేది. ఆ సంగతి నన్ను ఇప్పటికీ పొడుస్తుంది.

ఇంటికొచ్చాక వదిన మారిపోయింది. ఎవర్నీ ఏమీ అడగడం లేదు. స్టూడెంట్ పిల్లలు వస్తే మౌనంగా వడ్డిస్తోంది. అడగకపోయేసరికి వాళ్ళే బెదిరిపోయి, "ఆంటీకి ఒంట్లో బాగుందా?" అని నాకు ఫోన్ చేసేవాళ్ళు. మరుసటేడు వనభోజనాలకి మోకాళ్ళ నొప్పులని చెప్పి గరిటె ఇంకొకరికి అప్పగించింది. ఆ మోకాళ్ళతోనే రోజూ సరస్సు చుట్టూ నడుస్తోందని నాకు తెలుసు. నాతో మరీ మర్యాదగా ఉండేది. "రామ్మా, కూర్చో, కాఫీ తాగుతావా" అనేది, కొత్త చుట్టాన్ని పలకరించినట్టు. అంతకుముందు "ఏమే, ఆ చీరేంటి, పడుకుని లేచొచ్చావా" అనే మనిషి. నా కళ్ళలోకి చూడడం మానేసింది. అన్నయ్య కూడా చిత్రంగా తయారయ్యాడు. బల్ల దగ్గర ఆమె వడ్డిస్తుంటే తలెత్తేవాడు కాదు, రెండో మారుకి ముందే చాలనేవాడు. రిటైర్‌మెంట్ బెంగ అనుకున్నాను.

అలా నాలుగేళ్ళు నడిచింది. రెండువేల పదిహేనులో ఒక ఆదివారం, కాలేజీలో ఉన్న మేనకోడలు సెలవులకి వచ్చి, పాత ఫోటోలన్నీ టీవీలో చూపిస్తోంది. చూస్తుండగానే కొబ్బరాకుల పందిరి వచ్చింది. చేతిలో రొట్టె ముక్క, మూతికి పప్పు, మొహం నిండా నవ్వుతో వదిన. అంత పెద్ద తెర మీద అంత నవ్వు.

"మార్చమ్మా అది" అంది వదిన.

"ఉండనీ" అన్నాడు అన్నయ్య. తెర వైపే చూస్తూ, మెల్లగా అన్నాడు. "ఆ పప్పులో పందికొవ్వు ఉండింది. మొదటి ముద్దకే తెలిసింది నాకు. ఆఫీసువాళ్ళతో బయట తిన్న నాలుక కదా. కార్తీకమాసంలో నీ నియమం చెడగొట్టింది నేనే. ఇన్నేళ్ళూ నీ మొహం చూడలేకపోయాను."

వదిన చప్పున నావైపు చూసింది. నేను చెప్పలేదన్నట్టు తల అడ్డంగా ఊపాను.

"తెలిస్తే మరి అప్పుడే చెప్పొచ్చు కదండీ?"

"పెళ్ళయి ఇన్నేళ్ళలో నువ్వు ఇంకొంచెం కావాలని నన్ను అడిగింది అదొక్కటే. ఆ పళ్ళెం నీ ముందునుంచి ఎట్లా తీసెయ్యను?"

మేనకోడలు లేచి తల్లి పక్కన కూర్చుంది. వదిన కొంగుతో కళ్ళద్దాలు తుడుచుకుంది, మళ్ళీ పెట్టుకుంది, మళ్ళీ తీసింది.

"నాకూ తెలుసండీ" అంది. "మొదటి రోజే చూశాను. చూసి కూడా తిన్నాను. మీరేమనుకుంటారోనని సిగ్గేసి చెప్పలేదు."

అన్నయ్య ఆమె వైపు తిరిగాడు. అప్పుడు చూశాను వాళ్ళిద్దరినీ, చాలాకాలానికి ఒకరినొకరు తేరిపార చూసుకుంటూ. ఆయన జుట్టు ఎప్పుడు అంత తెల్లబడిందో ఆమె గమనించినట్టు లేదు. ఆమె బుగ్గలు ఎప్పుడు అలా జారాయో ఆయనా చూసుకున్నట్టు లేదు. నాలుగు రోజులు తిన్న పప్పుకి నాలుగేళ్ళు తలలు దించుకుని గడిపేశారు. అరవై దగ్గరపడ్డవాళ్ళకి నాలుగేళ్ళంటే తక్కువేం కాదు.