కరక్కాయ నీళ్లు

దగ్గు తగ్గాలని బుగ్గన పెట్టుకున్న కరక్కాయ ముక్క ఊరి, నాలుకను వెనక్కి గుంజింది. గొంతుకు పనిచేసిందో లేదో గాని, నన్ను మాత్రం నార్కట్‌పల్లి దగ్గర మా నేతగాళ్ల మగ్గాల ఇంటి మీదికి ఎక్కించింది. పందొమ్మిది వందల అరవైల మొదట్లో ఆ ఇంటికి సున్నపు గచ్చుతో కప్పు వేస్తున్నాం. కప్పు కారితే లోపలి నూలంతా పాడవుతుంది. వానాకాలం ముందరే ఉంది. నాకప్పుడు ఇరవై రెండేళ్లు. నోరు చురుకైనదని పని చూసుకోమన్నారు. నోటితో కప్పు నిలవదన్న సంగతి ఎవరికీ తోచలేదు.

సున్నం కలిపించేది బాలమ్మ. కరక్కాయలు దంచి, బెల్లం వేసి, కుండల్లో రోజుల తరబడి నానబెట్టేది. కప్పు గట్టిపడి వాన దిగకుండా, ఆ నీళ్లు పోస్తూనే సున్నమూ ఇసుకా సున్నపు గానుగలో నూరించేది. కుండ తెరిచిన ప్రతిసారీ ఒక చుక్క నాలుక మీద వేసుకునేది.

"మందు సున్నానికా, నీకా, అవ్వా?" అన్నాను ఒకసారి.

"సున్నానికే, పిలగా. నీకు గూడ జర కావాలె."

ఒకనాడు ఆమె బువ్వ తినడానికి పోయినప్పుడు నీళ్లు తక్కువపడ్డాయి. పని ఆగకూడదని రెండు బిందెల బావినీళ్లు కుండలో కలిపేశాను. ఆమె తిరిగొచ్చేసరికి ఆ సున్నంతో ఒక మూల పూర్తయింది కూడా. కుండలో మిగిలిన నీళ్లు నాలుకకు తగలగానే బాలమ్మ మొహం మారింది.

"గీ నీళ్లల్ల బావినీళ్లు కలిసినయ్. ఎవరు పోసిన్రు?"

"బావే దాహమై వచ్చి, ఇన్ని నీళ్లు ఒలకబోసి పోయిందేమో, అవ్వా!"

అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు. మా నేతగాళ్ల పెద్ద మల్లయ్య పైకెక్కి వచ్చాడు.

"గా మూల పనికిరాదయ్యా, తవ్వి మళ్ల వెయ్యాలె. కుండ నాది, తప్పు నాది" అంది బాలమ్మ.

"మబ్బులు నెత్తి మీదికొచ్చినయ్. గిప్పుడా ఆగం చేసేది? రేపటి సంది రాకు, వేరేటోళ్లను చూసుకుంటం" అని దిగిపోయాడాయన.

బాలమ్మ పలుగు తీసుకుని తవ్వడం మొదలుపెట్టింది. నా దగ్గర మూడు జోకులు సిద్ధంగా ఉన్నాయి. ఒక్కటీ బయటికి రాలేదు. పక్కన కూర్చుని పెళ్లలు ఏరుతూ, "నేనే పోసిన, అవ్వా" అన్నాను.

"ఎరుకే."

"మరి చెప్పలేదేంది?"

"నా నాలుకకు ఎప్పుడో తెలిసింది. నీ నోటికి ఎప్పుడు తెలుస్తదో అని చూస్తున్న."

కిందికి దిగి అందరి ముందూ మల్లయ్యకు చెప్పాను. నా మాటకు ఎవరూ నవ్వకపోవడం అదే మొదటిసారి. ఆయన మళ్లీ పిలిపించడంతో మర్నాడు బాలమ్మే వచ్చి కుండ తెరిచింది. ఒక చుక్క నా నాలుక మీద కూడా వేసి, "గింత ఒగరుండాలె, యాదుంచుకో" అంది.

వానలు వచ్చాయి. నూలు తడవలేదు.

నా తప్పును కప్పే చమత్కారం నోటిదాకా వచ్చినప్పుడు ఈనాటికీ ఆ ఒగరు తగులుతుంది. ఒక్కోసారి ఆలస్యంగానే తగులుతుంది. తగిలాక మాత్రం ముందు "నేనే" అంటాను. జోకు తర్వాత.