దండ వేయని బొమ్మ

మా ఆయన సంవత్సరీకానికి గోడకు పెట్టడానికి ఇంట్లో ఒకే ఒక్క ఫొటో ఉంది. పెళ్లయిన కొత్తలో కరీంనగర్‌లో దిగింది. ఆయన కుర్చీలో, నేను పక్కన నిలబడి. చెయ్యి కుర్చీ మీద పెట్టమన్నాడు ఫొటో తీసేవాడు. పెట్టాను. తీరా లైటు భగ్గున వెలిగేసరికి జడుసుకుని ఆయన భుజం పట్టేసుకున్నాను. చొక్కా ముడతపడి, అట్లాగే ఫొటోలోకి ఎక్కింది. ఆదిలాబాద్‌లో పత్తి జిన్నింగు మిల్లు పనిలో ఉన్నన్నాళ్లూ ఎవరు ఇంటికి వచ్చినా ఆయన అదే చూపించేవాడు.

"సూడుండ్రి, దొంగను పట్టినట్టు పట్టింది."

ఆయన పోయాక సుల్తానాబాద్ వచ్చేశాను. తొంభైల చివర అది. కరీంనగర్‌లో ఒక స్టూడియోలో కొత్తగా కంప్యూటర్ పెట్టారని, ఫొటోను నూనె రంగులతో గీసిన బొమ్మలా చేసిస్తారని మా మరిది చెప్పాడు. ఇద్దరం బస్సెక్కాము. ఫొటో కొంగులో ఉందా లేదా అని దారంతా తడుముకుంటూనే ఉన్నాను.

"గది ఎటు పోతది వదినె? జర ఊకో."

స్టూడియో అతను ఫొటోను మిషన్లో బోర్లా పెట్టి మూత వేశాడు. లోపల వెలుగు పాకింది.

"కాలదు గద బిడ్డా?"

"కాలదమ్మా. గిది ఇస్త్రీ పెట్టె కాదు."

తెర మీద ఆయన ముఖం వచ్చింది. అంత పెద్దగా ఎన్నడూ చూడలేదు. అక్కడ నిలబడలేక బయటికి పోయాను. బయటా ఉండలేక మళ్లీ లోపలికి వచ్చాను. వచ్చేసరికి బొమ్మలో నేను లేను. ఆయన ఒక్కడే ఉన్నాడు, బుగ్గలు నున్నగా. నా చెయ్యి ఉన్నచోట జరీ అంచు కండువా.

"నేనెటు పోయిన?"

"దండ ఏసే బొమ్మ వదినె. బతికున్న మనిషి అండ్ల ఉండద్దు, కీడు. నేనే తీయమన్న."

మా వైపు అందరూ అనే మాటే అది.

"మరి కండువ ఎందుకు బిడ్డా? ఆయన ఎన్నడు ఎయ్యలే."

"చెయ్యి తీస్తే భుజం కాడ ఖాళీ పడ్డదమ్మా. ఏదన్న కప్పాలె గద."

చెయ్యి పోయింది కానీ చొక్కా ముడత పోలేదు. కండువా అంచున అట్లాగే ఉంది, ఎవరో పట్టి గుంజినట్టు. పట్టినవాళ్లేరీ?

"నన్ను మల్ల పెట్టు."

"వదినె, దండ..."

"దండ ఎయ్యకుండ్రి."

"సంవత్సరీకం నాడు దండ లేకుంటే నలుగురు ఏమంటరు?"

"అననీ. అంత పానం గుంజితే నీ మెడల ఏసుకో."

స్టూడియో అతను నవ్వు ఆపుకుంటూ ఏదో నొక్కాడు. కండువా పోయి చెయ్యి వచ్చింది. చెయ్యి వెనక నేను వచ్చాను, బెదిరిన కళ్లతో. రంగులు వేస్తూ వేస్తూ అతను ఆగిపోయాడు. నా ఉత్త నొసలు చూశాడు, మరిదిని చూశాడు.

"అమ్మా... బొట్టు?"

"అప్పుడు ఎర్రగనే ఉండె. ఎర్రగనే ఎయ్యి."

తిరుగు బస్సులో మరిది నన్ను వదిలి ముందు సీటులోకి పోయి కూర్చున్నాడు.

సంవత్సరీకం నాడు ఒక్కచోట కూర్చోలేకపోయాను. ఎవరి చేతిలో పూలు కనబడినా పోయి బొమ్మకు అడ్డంగా నిలబడ్డాను.