పాతపీసు తుకారాం అర్థాల పుస్తకం

మల్కాజ్‌గిరిలో వాళ్ల వీధికి వచ్చి తుకారాం ఇల్లెక్కడ అని అడిగితే ఇద్దరు ముగ్గురు తల గోక్కుంటారు. అర్థాల సారు ఇల్లు అంటే మాత్రం గుమ్మం దాకా తీసుకొచ్చి దిగబెడతారు. లాలాగూడలో రైల్వే వర్క్‌షాపు స్టోర్సులో ముప్పైమూడేళ్లు గుమస్తాగా చేసి, పదకొండేళ్ల కిందట రిటైరైన మనిషి ఆయన. పనిముట్ల పేర్లు, నంబర్లు, ఏది ఏ అలమరాలో ఏ అరలో ఉండేదో ఇప్పటికీ నోటికి వచ్చు. కాలనీలో ఎవరికైనా పనిముట్ల మాట ఒకటి అంతుపట్టకపోతే ఆయన దగ్గరికి వచ్చేవాళ్లు. ఆయన కళ్లజోడు సర్దుకుని, గొంతు సవరించుకుని, అప్పటికప్పుడు అర్థం చెప్పి పంపేవాడు. తెలియదు అన్న మాట ఆయన నోట ఎవరూ వినలేదు. అసలు తంటా అక్కడే ఉంది.

ఎందుకంటే ఆయనకు తెలిసినవి పేర్లే, పనులు కావు. ఆ సంగతి ప్రపంచంలో ఆయన ఒక్కడికే తెలుసు. భార్య విజయమ్మకు కూడా తెలుసుగానీ, భార్యకు తెలిసినదాన్ని మగవాళ్లు లెక్కలోకి తీసుకోరు కదా.

స్టోర్సుకు ఒక కిటికీ ఉండేది. దానికి ఇనుప ఊచలు, ఊచల కింద చెయ్యి దూరేంత సందు. ఫిట్టర్లు చిట్టీ రాయించుకుని అక్కడికి వచ్చేవాళ్లు. అరిగిపోయిన పాత సామాను ముందు ఆ సందులో పెట్టాలి, అప్పుడే కొత్తది చేతికి వస్తుంది. అది రూలు. మిగతా గుమస్తాలు మనిషిని బట్టి, అవసరాన్ని బట్టి ఆ రూలును కాస్త వంచేవాళ్లు. తుకారాం వంచలేదు. "పాతది పెట్టు, కొత్తది తీస్కపో" అని రోజుకు వందసార్లు అనేవాడు. అందుకే వర్క్‌షాపు అంతా కలిసి ఆయనకు పాతపీసు తుకారాం అని నామకరణం చేసింది. పాతది వచ్చేది, కొత్తది పోయేది. ఈ రెండింటికీ మధ్య ఆ వస్తువు షెడ్డులో ఏం చేస్తుందో ఆయన ఒక్కనాడూ పోయి చూడలేదు. కిటికీకి, షెడ్డుకు నూరడుగుల దూరం. అక్కడ చప్పుడు, నూనె, మసి. ఈయనది రోజూ ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా. అంతకు మించి గొప్ప కారణమేమీ లేదు.

చూడకపోతే చూడకపోయాడు, ఊరుకోవచ్చు కదా. ఊరుకోలేదు. వస్తువు రూపం చూసి అర్థం తానే కల్పించాడు. డ్రిఫ్ట్ అని ఒకటుంది, ఒక కొస సన్నగా చెక్కిన ఉక్కు కడ్డీ. షిఫ్టు మారేటప్పుడు గంట కొట్టడానికని చెప్పాడు. షిమ్ అంటే కాగితమంత పల్చని ఇత్తడి రేకు. ఆఫీసర్ల పేర్లు చెక్కి తలుపులకు తగిలించడానికన్నాడు. డాలీ అంటే పిడికిలి కంటే పెద్ద ఇనుప ముద్ద, ఒకవైపు చిన్న గుంట ఉంటుంది. గాలికి కాగితాలు ఎగిరిపోకుండా బల్లమీద పెట్టుకుంటారని తేల్చేశాడు. మరి గుంట ఎందుకని విజయమ్మ అడిగితే, గుండుసూదులు పోసుకోవడానికన్నాడు. ఆమె నవ్వు దాచుకోవడానికి వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఇలా పదకొండేళ్లు హాయిగా గడిచాయి. అప్పుడు పెన్షనర్ల సంఘం కార్యదర్శి భానుప్రకాశ్ ఇంటికి వచ్చాడు. పాత పనిముట్లు పోతున్నాయి, వాటి పేర్లూ పోతున్నాయి, అందుకని సంఘం తరఫున ఒక చిన్న పుస్తకం వేస్తున్నామన్నాడు. అర్థాలు రాయగలిగిన మనిషి మీరు తప్ప ఇంకొకరు కనపడటం లేదన్నాడు. తుకారాం ఛాతీ రెండంగుళాలు పెరిగింది. వచ్చే ఆదివారం సంఘం హాల్లో మీరే అన్నీ చదివి వినిపించాలని, పాత ఫిట్టర్లందరికీ కబురు పెట్టామని, తప్పులుంటే వాళ్లు అక్కడే సరిచేస్తారని చివర్లో చల్లగా చెప్పాడు భానుప్రకాశ్. పెరిగిన రెండంగుళాలూ అక్కడికక్కడే తగ్గిపోయాయి.

ఆ రాత్రి ఆయన అన్నం సగంలో వదిలేసి లేచాడు. గంట కొట్టే కడ్డీ అని చదవగానే అరవైమంది ఫిట్టర్లు ఎలా నవ్వుతారో కళ్లకు కట్టినట్టు కనిపించింది. కాలనీలో గౌరవం, వీధి చివర నమస్కారాలు, అర్థాల సారు అన్న పేరు అన్నీ ఆదివారం పదకొండు గంటలకు గంగలో కలుస్తాయి. జ్వరమొచ్చిందని చెబుదామనుకున్నాడు. ఊరికి పోదామనుకున్నాడు, పోవడానికి సికింద్రాబాద్ తప్ప ఆయనకు వేరే ఊరు లేదు.

"తెలిసినోళ్లను అడుగరాదు. నోరు అరుగుతదా?" అంది విజయమ్మ.

"ఎవల్ని అడగాలె?"

"కాలేబును."

ఆ పేరు వినగానే తుకారాం కళ్లజోడు తీసి తుడవడం మొదలుపెట్టాడు. కాలేబు షెడ్డులో పేరున్న ఫిట్టరు. చేతిలో పడ్డ ఇనుము మాట వినాల్సిందే. ఇరవై ఏడేళ్ల కిందట ఒక మధ్యాహ్నం కిటికీ దగ్గరికి వచ్చి, పాత డాలీ వ్యాగను కింది గుంటలో పడిపోయింది, పొద్దున వెతికి తెచ్చిస్తాను, ఇప్పటికి కొత్తది ఇవ్వమని అడిగాడు. తుకారాం తన మాట తాను అన్నాడు. కాలేబు వెనక్కి పోయి, నూనె నీళ్లు నిండిన గుంటలో దిగి, మూడు గంటలు తడిమి ఆ ముద్దను తెచ్చి ఊచల కింద పెట్టాడు. ఆ రోజు నుంచి రిటైరయ్యే దాకా చిట్టీ లోపలికి తోయడం తప్ప ఆయన తుకారాంతో నోరు మెదపలేదు.

గురువారం పొద్దున తుకారాం నోటుబుక్కు చంకలో పెట్టుకుని లాలాగూడలో బస్సు దిగాడు. కాలేబు ఇంటి ముందు కోళ్లగూడు, దాని మీద ఒక రేకు సగం ఊడి వేలాడుతోంది. కాలేబు భార్య మేబెల్ తలుపు తీసి, మనిషిని గుర్తుపట్టి, లోపలికి చూసి, పాతపీసు వచ్చిండని చెప్పింది. ముఖం మీదే అలా చెప్పినందుకు ఆమెకేమీ ఇబ్బంది లేదు. ఆయనకు వేరే పేరుందని ఆమెకు తెలియదు.

తుకారాం వచ్చిన పని చెప్పాడు. సంఘం పుస్తకమని, అన్నీ తనకు తెలిసినవేనని, ఊరికే సరిచూసుకుందామని వచ్చానని అటూ ఇటూ తిప్పి చెప్పాడు. కాలేబు అంతా విని టీ ముగించాడు.

"పాతది పెట్టు సారు," అన్నాడు.

"ఏం పాతది?"

"ఇన్నేండ్లు జనానికి చెప్పుకుంట వచ్చినవు గద, ఆ అర్థాలు. అవి ముందు పెట్టు. అప్పుడు కొత్తవి ఇస్తా. రూలు నీదే."

తుకారాంకు లేచి పోవాలనిపించింది. లేచాడు కూడా. గుమ్మం దాకా పోయి, ఆదివారం గుర్తొచ్చి, మళ్లీ వచ్చి కూర్చున్నాడు. కూర్చుంటే కుర్చీ ఒక పక్కకు ఊగింది. గంట కొట్టే కడ్డీ అని చెప్పాడు. కాలేబు నవ్వలేదు. పేర్లు చెక్కే రేకు అన్నాడు. కాలేబు పెదవి బిగించాడు. గుండుసూదులు పోసుకునే ముద్ద అనేసరికి లోపల మేబెల్ చేతిలో గిన్నె కింద పడిన చప్పుడైంది.

"ముట్టినయ్," అని కాలేబు లేచాడు. ఒక అట్టముక్క మడిచి, తుకారాం ఊగుతున్న కుర్చీ కాలు కింద దోపాడు. కుర్చీ ఊగడం మానేసింది. అదే షిమ్, ఇనుముకూ ఇనుముకూ మధ్య వెంట్రుకంత సందు మిగిలితే దాంట్లో పెట్టేది. తర్వాత తలుపు దగ్గరికి తీసుకుపోయి, గొళ్లెం బెజ్జం, కొక్కెం బెజ్జం ఎదురెదురుగా రాకపోతే వాటిలోకి పెద్ద మేకు తోసి ఎలా ఒకటి చేస్తారో చూపించాడు. అది డ్రిఫ్టు పని. ముప్పైమూడేళ్లు చేతులతో అందించిన వస్తువులు మూడు నిమిషాల్లో అర్థమవుతుంటే తుకారాంకు నవ్వూ వచ్చింది, సిగ్గూ వచ్చింది. సిగ్గే ఎక్కువ వచ్చింది.

డాలీకి మాత్రం కాలేబు ఆయన్ని కోళ్లగూడు దగ్గరికి నడిపించాడు. మేబెల్ ఇనుప రోకలి తెచ్చి తుకారాం చేతిలో పెట్టింది. ఊడిన రేకుకు కొత్త రివెట్టు గుచ్చి, గూట్లోకి చెయ్యి పెట్టి లోపలివైపు నుంచి దాని తలకు రోకలి ఆనించి గట్టిగా పట్టుకోమన్నాడు కాలేబు. బయటి నుంచి తాను సుత్తి ఎత్తాడు. మొదటి దెబ్బ తుకారాం భుజం దాకా పోయింది. రెండో దెబ్బకు పళ్లు జివ్వుమన్నాయి. ఒక కోడి ఆయన తెల్లచొక్కా చేతిమీద ఎక్కి, చేయాల్సింది చేసి, దిగిపోయింది. చెయ్యి వదిలేస్తానన్నాడు. వదిలితే రివెట్టు వెనక్కి పోతుంది, దెబ్బంతా దండగ అన్నాడు కాలేబు. ఆరు దెబ్బలకు రివెట్టు కూర్చుంది. తుకారాం చెయ్యి మొద్దుబారింది.

"కొట్టెటోడు అందరికి కనవడ్తడు," అన్నాడు కాలేబు. "అవతల ఆనించి పట్టినోడు ఎవలికి కనవడడు. ఎనిమిదేండ్లు నేను పట్టినోన్ని."

తుకారాం చొక్కా దులుపుకోవడం మరిచి నిలబడ్డాడు. ఆనాడు పొద్దున దాకా ఆగితే ఏమయ్యేదని, అంత పట్టుబట్టి గుంటలో ఎందుకు దిగావని అడిగాడు. మేబెల్ చెప్పింది. ఆ వ్యాగను సాయంత్రానికి తయారు కావాలి, పని ముగియందే మేస్త్రీ వదలడు. సాయంత్రం ఐదింటికి వాళ్ల కూతురు ప్రిసిల్లాకు స్కూల్లో బహుమతి ఇస్తున్నారు. చదువులో పిల్లకు వచ్చిన మొదటి బహుమతి. కాలేబు పని ముగించుకుని ఒళ్లంతా నూనెతో స్కూలుకు పరుగెత్తేసరికి కుర్చీలు ఎత్తేస్తున్నారు. పిల్ల గేటు దగ్గర కప్పు పట్టుకుని నిలబడి ఉంది. కాలేబు కోళ్లకు నూకలు చల్లుతూ అటు తిరిగిపోయాడు. తుకారాం నోటుబుక్కు తీసుకుని బస్సెక్కాడు.

ఆదివారం హాలు నిండిపోయింది. భానుప్రకాశ్ మైకు సరిచేసి, మనందరికీ తెలిసిన అర్థాల సారు అని పరిచయం చేశాడు. వెనక వరసలో కాలేబు, మేబెల్ కూర్చున్నారు. తుకారాం చొక్కా తెల్లగానే ఉంది, చేతిమీద కోడి గుర్తు ఎంత ఉతికినా పూర్తిగా పోలేదు.

ఆయన ముందు షిమ్ చదివాడు. పాత అర్థం అని మొదలుపెట్టి, పదకొండేళ్లు తాను చెప్పిన అర్థం చదివాడు. తర్వాత కొత్త అర్థం చదివాడు. గంట కొట్టే కడ్డీ దగ్గరికి వచ్చేసరికి హాలు విరగబడింది. ముందు వరసలో ఒకాయన నవ్వి నవ్వి పళ్ల సెట్టు చేతిలోకి తీసుకున్నాడు. విజయమ్మ ఇన్నేళ్లుగా వంటింట్లో దాచుకున్న నవ్వంతా అక్కడ నవ్వేసింది. తుకారాం ఆగలేదు, చెవులు ఎర్రబడుతున్నా వరసగా చదువుకుంటూ పోయాడు.

చివర్లో డాలీ వచ్చింది. గుండుసూదుల సంగతి చదివి, నవ్వులు ఆగేదాకా నిలబడి, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. డాలీ అంటే ఒకడు ఈవైపు కొడుతుంటే ఇంకొకడు ఆవైపు రివెట్టు తలకు ఆనించి పట్టుకునేదని, గుంట ఆ తల కూర్చోవడానికని, ఆ దెబ్బంతా పట్టుకున్నవాడి భుజానికి పోతుందని చెప్పాడు. తర్వాత ఇరవై ఏడేళ్ల నాటి మధ్యాహ్నం చెప్పాడు. ఎవరు అడిగారో, తానేమన్నాడో, ఒక ఆడపిల్ల గేటు దగ్గర ఎవరి కోసం నిలబడిందో చెప్పాడు. అప్పుడు హాల్లో ఎవరూ నవ్వలేదు.

"నాకు తెల్వదు. తెల్సుకుందామని సుత నేను లోపటికి రాలే. నూరడుగులు నడ్వలే," అన్నాడు. వెనక వరస వైపు తిరిగాడు. "మాఫ్ చెయ్యి, కాలేబన్నా."

హాల్లో అందరి తలలూ వెనక్కి తిరిగాయి. కాలేబు లేచి నిలబడ్డాడు. మైకు అక్కర్లేని గొంతు ఆయనది.

"పాతది ముట్టింది సారు," అన్నాడు, పక్క కుర్చీ మీది సంచి తీసి కింద పెడుతూ. "వచ్చి కొత్తది తీస్కపో."

తుకారాం మైకు వదిలి నడిచాడు. పోయి ఆ కుర్చీలో కూర్చున్నాడు. కుర్చీ కొంచెం ఊగింది. కాలేబు జేబులోంచి అట్టముక్క తీసి, వంగి, కాలు కింద దోపాడు.