అట్టా? అత్తా?

మా అత్తగారు పుస్తకాలు కుట్టే మనిషి. ముప్పై ఏళ్లుగా అదే పని, అదే బల్ల. రోడ్డు వైపు అద్దాల తలుపు, లోపల కాగితం కోసే యంత్రం, గోడ పొడవునా బరువుల కింద ఆరుతున్న పుస్తకాలు. నేను ఆ షాపులో చేరింది కంప్యూటర్లో పేజీలు సర్దడానికి. రెండేళ్లకు వాళ్లబ్బాయిని పెళ్లి చేసుకున్నాను. పెళ్లయి ఆరేళ్లు దాటింది. ఇప్పటికీ ఆవిణ్ణి 'మేడం' అనే పిలుస్తాను.

మార్చుకుందామని అనుకోకపోలేదు. నోరు రాలేదు, అంతే. మొదటి నెలలో పిలవని పిలుపు రెండో నెలలో మరీ కష్టం. పెళ్లినాడు కూడా "మేడం, మీ కుర్చీ ఇదిగోండి" అన్నానని మా ఆయన నలుగురు చేరితే చాలు, చెప్పి నవ్విస్తాడు. ఆవిడ మాత్రం నవ్వదు. 'అమ్మాయ్' అని నన్ను పిలిచి పని చెబుతుంది. కుట్టు వంకర పోతే పుస్తకం మొత్తం విప్పించి మళ్లీ కుట్టిస్తుంది. మొదట్లో ఏడుపొచ్చేది. ఇప్పుడు ఆవిడ కంటే ముందు నేనే విప్పేస్తున్నాను.

ఆవిడ దగ్గర ఒక లెక్క ఉంది. పెద్ద కాగితం మీద రెండు వైపులా పదహారు పేజీలు అచ్చవుతాయి. దాన్ని మూడు మడతలు పెడితే పేజీలన్నీ వరసలోకి రావాలి. అచ్చు వేసేటప్పుడు ఎవరో ఒకరు పొరపడతారు, నాలుగో పేజీ తర్వాత పదమూడు వస్తుంది, కథలో పెళ్లి కాకుండానే విడాకులవుతాయి. మా అత్తగారు కాగితం మడవకుండానే తప్పు పట్టేస్తుంది. మడతకు అటూ ఇటూ పడే రెండు అంకెలు కలిపితే పదిహేడు రావాలి. ఒకటి పక్కన పదహారు, ఎనిమిది పక్కన తొమ్మిది. రాలేదా, కాగితం వెనక్కి పంపేస్తుంది.

ఆ లెక్కనే నేను ఒక చిన్న ప్రోగ్రాంగా రాశాను. అచ్చుకు ముందే పేజీలు సర్దుతుంది, తప్పుంటే ఆపేస్తుంది. ఎవరైనా ఊరికే తీసుకుని వాడుకోవచ్చు, లోపల ఎలా రాశానో విప్పి చూడొచ్చు, బాగుచేసి నలుగురికీ పంచొచ్చు. దీన్ని ఓపెన్ సోర్స్ అంటారని ఆవిడకు చెప్పాను.

"అంటే మన చేతిపని అందరికీ చూపించేయడమా?"

"అవును మేడం."

ఆవిడ చేతిలో కాగితం బల్ల మీద పెట్టింది. "మంచిదే. విప్పే పుస్తకాలు తగ్గుతాయి" అంది.

ప్రోగ్రాం రాయడానికి మూడు నెలలు పట్టింది. పేరు పెట్టడానికి నాలుగు. 'మడత' అందామంటే ఆ పేరుతో అప్పటికే మూడు ప్రోగ్రాంలున్నాయి. 'పుట' అని పెట్టి మురిసిపోతుంటే, ఎక్కడో దూరదేశం నుంచి ఒకాయన పాపం ఎంతో మర్యాదగా రాశాడు, తమ భాషలో అది ఇంట్లో అనకూడని మాటట. మా ఆయన 'మడతపేచీ' అన్నాడు. నాకు నచ్చింది గానీ, పేరులోనే పేచీ ఉన్నదాన్ని నమ్మి ఎవరు వాడతారు? పేరు చిన్నదిగా ఉండాలి, నోట్లో పట్టాలి, వెతికితే దొరకాలి, ఇంకొకళ్లది కాకూడదు. ఇన్ని గుణాలు పెళ్లికొడుకులో కూడా వెతకలేదు నేను.

ఒకరోజు ఆవిడ జిగురు పూస్తూ, "అమ్మాయ్, ఆ అట్ట ఇలా ఇయ్యి" అంది. నేను ఎగిరి గంతేశాను. అట్ట! రెండే అక్షరాలు, మా పనిలో మాట, ఎవరూ వాడలేదు. ఆ సాయంత్రమే ఇంగ్లీషు అక్షరాల్లో రాసి లోకం మీదకు వదిలాను.

ఇంగ్లీషు అక్షరాల్లో ట కీ త కీ తేడా ఉండదన్న సంగతి నా బుర్రకు తట్టలేదు. వారం తిరక్కుండా ఉత్తరాలు మొదలయ్యాయి. 'అత్త మొదటి పేజీ మింగేసింది.' 'కొత్త అత్త కంటే పాత అత్తే నయం.' 'అత్తను తీసేయడం ఎలా? ఎన్నిసార్లు తీసేసినా మళ్లీ వస్తోంది.' మొదట పడీపడీ నవ్వాను. తర్వాత తల తిప్పి చూస్తే నాలుగడుగుల దూరంలో అసలు అత్తగారు దారం ఎక్కిస్తూ కనిపించింది. అప్పట్నుంచీ కంప్యూటర్ తెర గోడవైపు తిప్పుకుని చదివేదాన్ని. కోడలు పనిగట్టుకుని లోకం చేత తిట్టిస్తోందని ఆవిడ అనుకుంటే ఏ మొహం పెట్టుకుని ఆ బల్ల దగ్గర కూర్చోవాలి?

ఇంతలో ఒక పెద్ద లైబ్రరీ వాళ్లు రాశారు, పాత పుస్తకాలు మళ్లీ అచ్చు వేయడానికి తమ శాఖలన్నిట్లోనూ దీన్ని పెట్టుకుంటారట. సోమవారం వాళ్ల జాబితాలో ఏ పేరు ఎక్కితే అదే, ఇక మార్చడం కుదరదు. సరే, పీడ వదిలిపోతుందని 'కూర్పు' అనే పేరు సిద్ధం చేసుకున్నాను. చప్పగా ఉంది, కానీ ఎవరి మనసూ నొప్పించదు.

శుక్రవారం పుస్తకాలు ఇచ్చి తిరిగొచ్చేసరికి నా కుర్చీలో ఆవిడ ఉంది. కళ్లజోడు పెట్టుకుని ఒక్కొక్క ఉత్తరమే చదువుతోంది.

"ఎవరో నన్ను తీసేయడం ఎలా అని అడుగుతున్నారు" అంది.

"అది మీ గురించి కాదు మేడం! అది అట్ట..."

"తెలుసులే. ట ఏదో త ఏదో నాకు తెలీదా?" ఇంకో ఉత్తరం చూపించింది. "ఈయన చూడు. 'అత్త తప్పులు పడితే పట్టింది గానీ పుస్తకం నిలబెట్టింది' అన్నాడు. బుద్ధిమంతుడు."

"పేరు మార్చేస్తున్నాను మేడం. ఇవాళే లైబ్రరీకి రాసేస్తా."

"ఎందుకూ?"

"మీకు బాధగా ఉంటుందని."

ఆవిడ కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకుంది. "నాకున్నది ఒక్కడే కొడుకు. వాడి పెళ్లయితే ఇంట్లో అత్తా అనే పిలుపు వినబడుతుందనుకున్నా. నువ్వేమో మేడం దగ్గరే ఆగిపోయావు. ఇక్కడేమో ముక్కూ మొహం తెలీని వాళ్లు ఇంతమంది అత్త, అత్త అంటున్నారు. తిడితే తిట్టారు. పిలుస్తున్నారు కదా, ఉండనీ."

కోపంగా అనలేదు. లేచి తన బల్ల దగ్గరికి వెళ్లి, ఆపిన చోట మళ్లీ జిగురు అందుకుంది. నాకు సిగ్గేసింది. ఆరేళ్లు నా మొహమాటమే చూసుకున్నాను గానీ, అవతల ఒక మనిషి ఎదురుచూస్తోందని ఒక్కసారీ అనుకోలేదు.

లైబ్రరీకి పాత పేరే ఖాయం చేసి రాశాను. ప్రోగ్రాం గురించి చెప్పే పేజీలో మొదటి వాక్యం ఇలా మార్చాను: 'అట్ట అన్నా, అత్త అన్నా పలుకుతుంది.' తర్వాత వెళ్లి ఆవిడ పక్కన కూర్చుని కుట్టిన పుస్తకం చేతిలోకి తీసుకున్నాను.

"అత్తయ్యా, ఆ అట్ట ఇలా ఇస్తారా?"

ఆవిడ తలెత్తకుండానే అందించింది. "అంచు పట్టుకో, తడి ఆరలేదు" అంది. కుంచె జిగురులో ముంచుతూ, "ఇంకోటి కావాలా?" అని అడిగింది.

నా చేతిలో ఉన్న పుస్తకానికి ఆ ఒక్కటే చాలు.

"కావాలి అత్తయ్యా" అన్నాను.