గంగమ్మ పందిరికి చేసిన లైట్ల బోర్డు

దెయ్యాల కథలు చెప్పేవాళ్లంటే నాకు మొదటినుంచీ ఒళ్లు మంట. రేడియోలు, టేప్ రికార్డర్లు బాగుచేసి బతికినవాణ్ణి నేను. పెట్టెలోంచి వింత శబ్దం వస్తోందంటే ఎక్కడో అతుకు ఊడిందని అర్థం, అంతే. ఇప్పుడు చెప్పబోయేది కూడా అలాంటి అతుకు సంగతేనని చాలా ఏళ్లు నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. చెప్పుకుని చెప్పుకుని విసుగొచ్చింది. జరిగింది జరిగినట్టు రాసేస్తున్నాను.

శ్రీకాకుళం తీరం నుంచి పోర్ట్ బ్లెయిర్ వచ్చి స్థిరపడ్డ చేపల వేటగాళ్ల కుటుంబం మాది. అయ్య డింగీ అనే చిన్న పడవ మీద వేటకు వెళ్లేవాడు. మా వాళ్లకు ఒక అలవాటుంది. చీకటి పడ్డాక తిరిగొచ్చే పడవ దూరం నుంచే టార్చితో సైగ చేస్తుంది. ఒక్కో పడవకు ఒక్కో సైగ. అయ్యది రెండు పొట్టి మెరుపులు, ఒక పొడుగు, మళ్లీ ఒక పొట్టి. ఒడ్డున ఉన్న అమ్మ తన టార్చితో ఒక పొడుగు మెరుపు జవాబిచ్చేది. అది కనబడేదాకా అయ్య అదే సైగ మళ్లీ మళ్లీ చేసి, చూశాకే టార్చి ఆర్పేవాడు.

ఒక వానాకాలం ఆ డింగీ రాలేదు. వెతకడానికి వెళ్లినవాళ్లకు చిరిగిన వల, డీజిల్ డబ్బా దొరికాయి. మనిషి దొరకలేదు.

అప్పటినుంచి పొద్దు గూకగానే అమ్మ టార్చి పట్టుకుని ఒడ్డుకు వెళ్లి కూర్చునేది. బొట్టు తీయలేదు, గాజులు తీయలేదు, కర్మ చెయ్యనివ్వలేదు. కులపెద్దగా ఉన్న ఎర్రయ్య మావ, అమ్మకు సొంత అన్న, ఎన్నిసార్లు నచ్చజెప్పినా ఆవిడది ఒకటే మాట.

"దీపం సూపించకుండా ఆయనెప్పుడైనా ఇంటికొచ్చినాడేటి? రాని మనిసిని ఎలాగ పంపించీమంతావు?"

పగలంతా కొట్లో సోల్డరింగ్ పొగ పీల్చి, సాయంత్రం ఒడ్డుకు వెళ్లి అమ్మను బతిమాలి ఇంటికి తీసుకురావడం. ఏళ్ల తరబడి ఇదే నా పని. అయ్య పోయిన దుఃఖం ఎప్పుడో అలసటగా మారిపోయింది. గంగమ్మ పండుగ అయిపోగానే, అమ్మ ఒప్పుకోకపోయినా కర్మ జరిపించేద్దామన్నాడు మావ. నేను సరేనన్నాను. ఆవిడ చేతి గాజులు బలవంతంగా తీయించాల్సి వస్తే ఎలాగన్న భయం మాత్రం ఉండిపోయింది.

ఆ పండుగకు పందిరి లైట్లు పరిగెత్తేలా చెయ్యమని కుర్రాళ్లు నన్ను అడిగారు. అప్పట్లో అలాంటి బోర్డు కొనాలంటే ఓడ మీద మద్రాసు నుంచి రావాలి. నేనే తయారుచేశాను. రాగి రేకు అంటించిన బోర్డు మీద చెల్లెలి గోళ్ల రంగుతో గీతలు గీసి, ఆసిడ్ లాంటి మందు కలిపిన నీళ్లలో ముంచితే గీత లేనిచోట రాగి కరిగిపోతుంది. గాలిలో ఉప్పు ఎక్కువ కాబట్టి మిగిలిన రాగికి వార్నిష్ పూశాను. గడియారంలా సమంగా కొట్టుకునే ఐసీ చిప్పు ఒకటి, ఆ దెబ్బల ప్రకారం వరస మార్చే ఐసీ ఇంకొకటి. బల్బులు నాలుగు వరసలు: ఎరుపు, ఆకుపచ్చ, పసుపు, నీలం. ఒకటి ఆరితేనే ఇంకొకటి వెలుగుతుంది. రెండు వరసలు ఒకేసారి వెలగడం ఆ సర్క్యూట్లో కుదరదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

పండుగనాడు దీపాలు పెట్టే వేళకు స్విచ్ వేశాను. పందిరంతా రంగులు పరిగెత్తాయి. పిల్లలు కేకలు వేశారు. అమ్మ మాత్రం పందిరికి వీపు పెట్టి, నీళ్లకేసి చూస్తూ ఇసుకలో కూర్చుంది.

కాసేపటికి నాలుగు వరసలూ ఒక్కసారిగా ఆరిపోయాయి. తర్వాత నాలుగూ కలిసి వెలిగాయి. పొట్టిగా. మళ్లీ పొట్టిగా. తర్వాత పొడుగ్గా. మళ్లీ ఒక పొట్టి. కాస్త ఆగి అదే మొదలైంది.

కరెంటు తడబడిందనుకోవడానికి లేదు. అదే తీగ మీదున్న ట్యూబ్ లైటు నిలకడగా వెలుగుతోంది, మైకులో పాట ఆగలేదు. మైకు సెట్టు నడిపే, రాంచీ నుంచి వచ్చిన అతను నా దగ్గరకొచ్చి, "భయ్యా, బోర్డు ఖరాబ్ హో గయా క్యా?" అన్నాడు, పాడైపోయిందా అని. అతనికి మా సైగల సంగతి తెలియదు. అయినా తేడా అతనికీ కనబడింది, అంటే చూసింది నేనొక్కణ్ణే కాదు. స్విచ్ దగ్గరే ఉండి కూడా ముట్టుకోలేకపోయాను.

నీళ్ల మీద ఆ వెలుగు పడి ఉంటుంది. అమ్మ వెనక్కి తిరిగింది. కంగారు పడలేదు. ఒళ్లోని టార్చి ఎత్తి పందిరి వైపు ఒక పొడుగు మెరుపు చూపించింది.

వెంటనే లైట్లు ఆరిపోయాయి. జవాబు అందాక అయ్య టార్చి ఆరినట్టే. కాసేపు అలాగే ఉండిపోయాయి. తర్వాత ఎరుపు, ఆకుపచ్చ, పసుపు, నీలం, ఏమీ జరగనట్టు పరిగెత్తడం మొదలుపెట్టాయి.

అమ్మ చీర దులుపుకుని లేచి, మావ ముందుకొచ్చి నిలబడింది.

"వొచ్చీసినాడన్నా. ఇంక పంపించీండి."

మర్నాడు తన గాజులు తనే తీసింది. ఎవరూ చెయ్యి వెయ్యాల్సిన అవసరం రాలేదు. నేను ఏడ్చాను. అన్నేళ్లలో మొదటిసారి.

షార్టయ్యుంటుందన్నాడు మావ. నేనూ అదే అనుకుని బోర్డు విప్పాను. రాగి గీతలన్నీ భూతద్దం పెట్టి చూశాను. ఎక్కడా కలవలేదు, తెగలేదు. అలసిపోయిన చెయ్యి తెలియకుండా ఏదో చేసిందేమోనని నన్ను నేనే అనుమానించాను. నాలుగూ కలిసి వెలిగే దారి ఆ బోర్డులో లేనే లేదు. తర్వాత ఎన్ని పండుగలకు వాడినా ఆ సైగ మళ్లీ రాలేదు.

ఆ తర్వాత అమ్మ సముద్రం కేసి చూస్తూ కూర్చోలేదు. ఇప్పుడు ఆవిడ కూడా లేదు. బోర్డు ఇంకా పనిచేస్తోంది. గంగమ్మ పండుగకు స్విచ్ వేసే ముందు కొత్త సెల్స్ వేసిన టార్చి ఒకటి జేబులో పెట్టుకుంటాను. పందిట్లో అన్ని లైట్లుండగా టార్చి ఎందుకని మా ఆవిడ అడుగుతుంది. నేను జేబులో టార్చి ఉందో లేదో ఇంకోసారి తడిమి చూసుకుని స్విచ్ వేస్తాను.